రావలసినవాడు రాని రోజు

1971 సెప్టెంబర్. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్. ఎత్తయిన చెక్క పైకప్పు ఉన్న రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డింగ్‌కు రంగం సిద్ధమైంది. కీబోర్డ్ మీద బాబ్ జేమ్స్, బాస్ మీద రాన్ కార్టర్, గిటార్‌తో ఎరిక్ గేల్, డ్రమ్స్ వెనుక ఇద్రిస్ మొహమ్మద్. అమెరికాలో ఇంతకు మించిన జట్టును కూర్చడం కష్టం. రానిదల్లా ఆల్బం ఎవరి పేరు మీద విడుదల కావాలో ఆ మనిషే. ఒకప్పుడు రే చార్లెస్ బృందానికి సంగీత సారథ్యం వహించిన ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు హ్యాంక్ క్రాఫర్డ్ ఆ రోజుకు అందుబాటులో లేకుండా పోయారు.

స్టూడియోలో గడియారం ముల్లు కదిలిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. వాద్యకారులను వెనక్కు పంపితే మళ్లీ అందరినీ ఒకచోటికి చేర్చడం గగనం. నిర్మాత క్రీడ్ టేలర్ ఎక్కువసేపు ఆలోచించలేదు. పెళ్లికొడుకు రాలేదని తోడిపెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టినట్టు, వెనక వాయించడానికి పిలిచిన 27 ఏళ్ల యువకుడిని ముందుకు రమ్మన్నారు. ఆ యువకుడు ప్రధానంగా టెనర్ వాయించేవారు. ఇప్పుడు వాయించాల్సింది ఆల్టో. పేరు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్. సొంతంగా ఒక్క ఆల్బం లేదు. ఫిలడెల్ఫియాలో, ఇతరుల రికార్డులను దుకాణాలకు చేరవేసే ఓ హోల్‌సేల్ సంస్థలో ఆయనకు ఉద్యోగం.

ఆ రోజు తయారైన 'ఇన్నర్ సిటీ బ్లూస్' తర్వాత ఆయన మళ్లీ హోల్‌సేల్ వ్యాపారం వైపు చూడనక్కర్లేకపోయింది. పాతికేళ్లు తిరక్కముందే ప్రపంచం ఆయనను 'స్మూత్ జాజ్' పితామహుడనడం మొదలుపెట్టింది. ఆ బిరుదు ఆయన కోరుకున్నది కాదు.

స్మూత్ జాజ్ అనగానే పెదవి విరిచేవారే ఎక్కువ. లిఫ్టులో, హోటల్ లాబీలో, పంటి డాక్టర్ వెయిటింగ్ రూమ్‌లో ఎవరికీ అడ్డు రాకుండా పారే సంగీతమని దానికి పేరు. ఈ వెటకారంలో నిజం లేకపోలేదు. కానీ దానికి పునాది వేసిన రికార్డులు ఎలా పుట్టాయో చూస్తే ఆ నునుపు ఎక్కడా కనిపించదు. రావలసినవాళ్లు రాకపోవడం, తర్వాత బాగుచేద్దామని వదిలేసిన టేకే ఖాయం కావడం, ఆఖరి క్షణంలో పాట మారిపోవడం... అదంతా అనుకోనివాటి చరిత్ర. ఆ అనుకోనిదానికి చోటు లేకుండా చేసింది తర్వాత వచ్చిన రేడియో వ్యాపారం.

గ్రోవర్ 1943 డిసెంబర్ 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పుట్టారు. తల్లి చర్చిలో పాడేవారు. తండ్రి శాక్సఫోన్ వాయించేవారు, పాత జాజ్ గ్రామఫోన్ రికార్డులు సేకరించేవారు. ఎనిమిదో ఏట తండ్రి చేతికిచ్చిన శాక్సఫోన్‌తో మొదలై, వయసు చాలకపోయినా క్లబ్బుల్లోకి దొంగచాటుగా దూరి బ్లూస్ వినేదాకా వచ్చింది వ్యవహారం. ఆ తర్వాత ఊరూరా తిరిగే చిన్న బృందాలు, ఆపైన సైన్యం నుంచి పిలుపు. ఫోర్ట్ డిక్స్ శిబిరంలో పరిచయమైన బిల్లీ కోబమ్ అనే డ్రమ్మర్ ఆయనను న్యూయార్క్ సంగీత వర్గాలకు పరిచయం చేశారు. ఆ కోబమే తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రాతో ప్రపంచ ప్రసిద్ధి పొందారు. సైన్యం నుంచి బయటపడ్డ గ్రోవర్ 1967లో ఫిలడెల్ఫియా చేరుకుని అక్కడే స్థిరపడ్డారు. ఊరు ఆయనను సొంత మనిషిగానే చూసుకుంది. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు సెవెంటీసిక్సర్స్‌కు ఆయన వీరాభిమాని. ఆ జట్టు తార జూలియస్ ఎర్వింగ్ కోసం ఏకంగా ఒక బాణీయే కట్టారు.

ఇక ఆ స్టూడియో సంగతి. వాన్ గెల్డర్ చదివింది కళ్లద్దాల వైద్యం. పగలు రోగుల కళ్లు పరీక్షిస్తూ, మిగతా సమయంలో తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలో జాజ్ రికార్డు చేసేవారు. 1959లో సొంత స్టూడియో కట్టుకున్నాకే వైద్యం మానేశారు. 1964 డిసెంబర్‌లో జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'ను రికార్డు చేసింది ఆ గదిలోనే. జాజ్‌లో అత్యంత గంభీరమైనదిగా చెప్పుకునే ఆల్బం, అత్యంత తేలికగా తీసిపారేసే శాఖకు మూలమైన ఆల్బం - రెండింటికీ పురుడు పోసింది ఒకే కప్పు, ఒకే ఇంజనీరు. ఈ రెంటి మధ్యా గోడ కట్టేవారు ఈ సంగతిని అంతగా గుర్తు చేసుకోరు.

క్రీడ్ టేలర్‌దీ అలాంటి చరిత్రే. డ్యూక్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదివిన ఆయన 1960లో 'ఇంపల్స్' లేబుల్‌ను స్థాపించారు. కోల్ట్రేన్‌ను అక్కడికి తీసుకొచ్చిందీ ఆయనే. బ్రెజిల్ బోసానోవాను ప్రపంచానికి వినిపించిన 'గెట్జ్ / జిల్‌బెర్టో'కు నిర్మాత కూడా. జాజ్ వాద్యకారుడి చేత జనానికి అప్పటికే తెలిసిన పాట వాయించి, దాని చుట్టూ ఆర్కెస్ట్రా అల్లితే కొనేవారు పెరుగుతారని ఆయన కనిపెట్టారు. 1967లో గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ చేత బీటిల్స్ పాట 'ఎ డే ఇన్ ద లైఫ్' వాయించారు. ఆల్బం విపరీతంగా అమ్ముడుపోయింది. విమర్శకులు మాత్రం ఇంతటివాడిని ఇలా వాడుకుంటారా అని వాపోయారు. ఆ విజయాన్ని మాంట్‌గోమరీ అనుభవించింది కొద్దికాలమే. 1968 జూన్‌లో 45 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించారు.

అదే సూత్రం గ్రోవర్‌కు వర్తించింది. మార్విన్ గే అప్పుడే విడుదల చేసిన పాటలు రెండు ఆ ఆల్బంలో ఉన్నాయి. వాటితోపాటు, అప్పటికి కొత్తవాడైన ఒక గాయకుడి పాట కూడా ఉంది - 'ఎయింట్ నో సన్‌షైన్'. రాసి పాడింది బిల్ విదర్స్. పశ్చిమ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టి, నౌకాదళంలో తొమ్మిదేళ్లు పనిచేసి, కాలిఫోర్నియాలో విమానాల మరుగుదొడ్ల పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికుడిగా చేరిన మనిషి ఆయన. తొలి ఆల్బం అట్ట మీద టిఫిన్ డబ్బా పట్టుకుని నిల్చున్న ఫొటో ఆ ఫ్యాక్టరీ దగ్గర తీసిందే. పాట హిట్టయ్యేదాకా ఉద్యోగం వదల్లేదు. అంటే 1971లో ఒక హోల్‌సేల్ ఉద్యోగి, ఒక ఫ్యాక్టరీ కార్మికుడు ఒకే పాట దగ్గర కలుసుకున్నారన్నమాట. ఈ ఇద్దరూ మళ్లీ కలవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోపు మధ్యవర్తి ఒకరు తయారవుతున్నారు.

ఆయన పేరు రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. రికార్డు అట్టల వెనుక చిన్న అక్షరాల్లో మాత్రమే కనిపించే పేరు. తండ్రి 'మెక్‌బెత్ ద గ్రేట్' అనే పేరుతో కాలిప్సో పాడిన ట్రినిడాడ్ గాయకుడు. హార్లెంలో పెరిగిన రాల్ఫ్ 17వ ఏటనే హ్యారీ బెలఫాంటే బృందంలో తాళవాద్యకారుడిగా చేరిపోయారు. విలియం సాల్టర్‌తో కలిసి పాటలు కట్టడం ఆరంభించారు. రోబర్టా ఫ్లాక్, డానీ హాథవే పాడిన 'వేర్ ఈజ్ ద లవ్' (1972) ఈ జంట చేసిందే. 1974 చివర్లో గ్రోవర్ కొత్త ఆల్బం కోసం వాళ్లు ఇచ్చిన బాణీ 'మిస్టర్ మ్యాజిక్'. తొమ్మిది నిమిషాల వాద్యం. ఎరిక్ గేల్ గిటార్ ఒకే పదాన్ని మళ్లీ మళ్లీ మీటుతుంటే దాని మీద శాక్సఫోన్ తొందరపడకుండా నడుస్తుంది. 1975లో ఆ ఆల్బం జాజ్, ఆర్ అండ్ బి జాబితాల్లో మొదటి స్థానానికి, అన్ని రకాల సంగీతం పోటీపడే బిల్‌బోర్డ్ ప్రధాన జాబితాలో పదో స్థానానికి చేరింది. మాటల్లేని జాజ్ ఆల్బం అంతదూరం రావడం మామూలు విషయం కాదు.

మరుసటి ఏడాది మెక్‌డొనాల్డ్ పేరు మరో అట్ట వెనుక కనిపించింది. అది జార్జ్ బెన్సన్ 'బ్రీజిన్'. పిట్స్‌బర్గ్‌లో పుట్టిన బెన్సన్ పదేళ్లు దాటీదాటకముందే గాయకుడిగా రికార్డు ఇచ్చారు. పెద్దయ్యాక మాత్రం అందరూ ఆయన వేళ్లనే చూశారు, గొంతును పట్టించుకోలేదు. మాంట్‌గోమరీ వారసుడన్న పేరు వచ్చింది. వారసుడు పాడటమేమిటన్నది చాలామంది భావన. 1976 జనవరిలో హాలీవుడ్‌లోని క్యాపిటల్ స్టూడియోలో నిర్మాత టామీ లిపూమా ఆయనకు ఒక్క పాట పాడే అవకాశం ఇచ్చారు. ఆరు ట్రాకుల్లో ఒకటి, లియాన్ రసెల్ రాసిన 'దిస్ మాస్కరేడ్'. గాత్రాన్ని తర్వాత తీరిగ్గా మళ్లీ తీసుకోవచ్చనే ఉద్దేశంతో సాధారణ మైకు ముందు, బృందంతో పాటే బెన్సన్ పాడారని ఇంజనీర్ అల్ ష్మిట్ తర్వాత చెప్పారు. గిటార్ మీద పలికే ప్రతి స్వరాన్నీ గొంతుతో కూడా పలికిస్తూ మొదలైన ఆ తొలి టేకు విన్నాక మళ్లీ తీసే ఆలోచన మానుకున్నారు.

ఆ తాత్కాలిక టేకుకు 'రికార్డ్ ఆఫ్ ద ఇయర్' గ్రామీ దక్కింది. ఆల్బం జాజ్, ఆర్ అండ్ బి, పాప్ మూడు జాబితాల్లోనూ అగ్రస్థానం చేరింది. ఆల్బంకు పేరిచ్చిన 'బ్రీజిన్' బాణీ కూడా కొత్తదేమీ కాదు. బాబీ వోమాక్ స్వరపరచగా హంగరీ గిటారిస్ట్ గాబోర్ సాబో 1971లోనే వాయించారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దానికీ నిర్మాత లిపూమాయే. ఒక మంచి బాణీని అయిదేళ్లు మనసులో పెట్టుకుని, దానికి తగిన మనిషి దొరికాక బయటికి తీయడం నిర్మాత పనిలో పెద్ద భాగం. రికార్డు మీద ఆ ఎదురుచూపు ఎక్కడా వినపడదు.

1980 వేసవి. న్యూయార్క్‌లోని రోజ్‌బడ్ స్టూడియో. గ్రోవర్ ఇప్పుడు ఎలెక్ట్రా సంస్థకు 'వైన్‌లైట్' చేస్తున్నారు. మెక్‌డొనాల్డ్ సహ నిర్మాత. ఎరిక్ గేల్, రిచర్డ్ టీ, స్టీవ్ గాడ్... ఎవరితో ఎవరు ఎలా వాయిస్తారో కళ్లు మూసుకుని చెప్పగల పాత జట్టు. అందరికంటే చిన్నవాడు బాస్ వాయించే మార్కస్ మిల్లర్, వయసు 21. ఆరింటిలో ఒక్కటే గాత్రం ఉన్న పాట. దాన్ని పాడటానికి మెక్‌డొనాల్డ్ సంప్రదించింది బిల్ విదర్స్‌ను.

అప్పటికి విదర్స్ పరిస్థితి ఏమంత బాగాలేదు. కొలంబియా సంస్థతో ఆయనకు పొసగడం లేదు. ఎల్విస్ ప్రెస్లీ పాట తిరిగి పాడమని సలహా ఇచ్చిన అధికారుల గురించి ఆయన జీవితాంతం చెప్పి చెప్పి నవ్వేవారు, మండిపడేవారు కూడా. 1978 తర్వాత 1985 దాకా ఆయన పేరున ఆల్బం రాలేదు. గొంతు పోలేదు, పాటలు ఎండిపోలేదు. పాడటానికి చోటు లేకపోయింది, అంతే. అలాంటప్పుడు వచ్చిన అవకాశాన్ని ఎవరైనా కళ్లకద్దుకుంటారు. విదర్స్ మాత్రం మాటలు చూసి, బాణీ బాగుంది గానీ సాహిత్యాన్ని కాస్త సవరించనిస్తేనే పాడతానన్నారు. మాటల విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. సాల్టర్, మెక్‌డొనాల్డ్ అభ్యంతరం చెప్పలేదు. అలా 'జస్ట్ ద టూ ఆఫ్ అజ్'కు రచయితలు ముగ్గురయ్యారు.

'మా పాటలో వేలు పెట్టడానికి నువ్వెవరు' అని ఆ జంట అనొచ్చు. రచయితగా పేరు చేరిందంటే రాయల్టీలో వాటా కూడా పోతుంది. అయినా ఒప్పుకున్నారు. ఆ సవరణ విలువ ఎంతో 1981లో తెలిసింది. పాట అమెరికా పాప్ జాబితాలో రెండో స్థానానికి వెళ్లి మూడు వారాలు అక్కడే నిలిచింది. 1982 గ్రామీల్లో ముగ్గురికీ ఉత్తమ ఆర్ అండ్ బి గీతం బహుమతి వచ్చింది. 'వైన్‌లైట్'కు జాజ్ ఫ్యూజన్ విభాగంలో మరొకటి. తన సొంత సంస్థలో పాడే వీలులేక ఖాళీగా ఉన్న గాయకుడికి, మరొకరి ఆల్బంలో అతిథిగా పాడిన పాట చివరి పెద్ద విజయంగా మిగిలింది. 1985 ఆల్బం తర్వాత విదర్స్ ఆ రంగం వైపు తిరిగి చూడలేదు. 2020 మార్చి 30న మరణించేదాకా మళ్లీ ఒక్క కొత్త ఆల్బం కూడా చేయలేదు.

'వైన్‌లైట్'లో ఆ పాట నిడివి ఏడు నిమిషాలకు పైనే. అందులో రాబర్ట్ గ్రీనిజ్ వాయించిన స్టీల్ డ్రమ్స్ ఉంటాయి. పాత నూనె పీపాల అడుగులను సుత్తితో మలిచి ట్రినిడాడ్ జనం తయారుచేసుకున్న వాద్యం అది. శాక్సఫోన్‌కూ తీరిగ్గా మాట్లాడే చోటుంది. రేడియోకు పంపిన ప్రతి నాలుగు నిమిషాలది. అంటే జనం హమ్ చేసే పాటలో చాలా భాగం గాత్రమే. పాట ఎవరి ఆల్బంలోదో ఆయనే అతిథిలా వినిపిస్తారు.

ఈ కత్తిరింపు చక్ మాంజియోనీకి మరింత బాగా తెలుసు. రాచెస్టర్‌లో ఆయన చిన్నప్పుడు తండ్రి జాజ్ కచేరీలకు తీసుకెళ్లి, కచేరీ అయ్యాక వాద్యకారులను ఇంటికి భోజనానికి పిలిచేవారు. డిజీ గిలెస్పీ ఆ ఇంటి భోజనం తిన్నవారిలో ఒకరు. ఆ ఇంటి పిల్లాడు ట్రంపెట్‌కు దాయాది అయిన ఫ్లూగెల్‌హార్న్ మీద వాయించిన 'ఫీల్స్ సో గుడ్' (1977) అసలు నిడివి దాదాపు పది నిమిషాలు. రేడియో కోసం మూడున్నర నిమిషాలకు కోశారు. కోసిన ముక్క 1978లో నాలుగో స్థానానికి చేరింది. 2025 జూలైలో, 84 ఏళ్ల వయసులో మాంజియోనీ మరణించినప్పుడు ప్రపంచం గుర్తు చేసుకుంది ఆ బాణీనే.

గ్రోవర్ రికార్డులను అరిగిపోయేలా విన్నవారిలో సియాటిల్‌కు చెందిన కెన్నెత్ గోరెలిక్ అనే కుర్రాడు ఉన్నాడు. 17వ ఏట బ్యారీ వైట్ ఆర్కెస్ట్రాలో వాయించాడు. సంగీతం తిండి పెడుతుందో లేదో అన్నట్టు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదివి మంచి మార్కులతో డిగ్రీ పుచ్చుకున్నాడు. ప్రపంచం ఆయనను కెన్నీ జి అంటుంది. కద్రి గోపాల్‌నాథ్ చేతిలోనూ, 'డ్యూయెట్' (1994) సినిమా పాటల్లోనూ తెలుగువారికి పరిచయమైన వంపు తిరిగిన శాక్సఫోన్ కాదు కెన్నీ జి ముద్ర. ఆయన ఎక్కువగా పట్టేది సన్నాయిలా తిన్నగా ఉండే సొప్రానో.

1986 నాటి 'డ్యుయోటోన్స్' ఆల్బంలో గాయకుడు పాడిన పాట ఒకదాన్ని రికార్డు సంస్థ ముందుకు తోస్తోంది. మాటల్లేని పాటను రేడియో వేయదన్నది అప్పటి లెక్క. జానీ కార్సన్ 'టునైట్ షో'కు పిలుపొచ్చింది. గాత్రం ఉన్న పాటే వాయించాలని షరతు. ఒప్పుకున్న కెన్నీ జి, తీరా వేదిక ఎక్కాక బృందానికి సైగ చేసి 'సాంగ్‌బర్డ్' అందుకున్నారు. కార్యక్రమం వాళ్లు భగ్గుమన్నారని, ఇక టీవీ ముఖం చూడనవసరం లేదనుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1987లో 'సాంగ్‌బర్డ్' నాలుగో స్థానానికి ఎగబాకింది. 1992లో వచ్చిన 'బ్రెత్‌లెస్' ఒక్క అమెరికాలోనే కోటీ ఇరవై లక్షల ప్రతులకు ధ్రువీకరణ పొందింది. ఆయన 'గోయింగ్ హోమ్' చైనాలో ఓ వింత ఉద్యోగం సంపాదించింది. దుకాణాలు, బళ్లు మూసే వేళ అదే వేస్తారు. జనం లేచి ఇళ్లకు బయలుదేరతారు.

తిట్లూ అదే స్థాయిలో పడ్డాయి. కన్నుమూసి దాదాపు మూడు దశాబ్దాలైన లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ గాత్రం మీద తన శాక్సఫోన్ కలిపి 1999లో 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' విడుదల చేసినప్పుడు, గిటారిస్ట్ పాట్ మెథినీ 2000లో ఆయనను చీల్చి చెండాడారు. జాజ్ లోకంలో ఒక సంగీతకారుడు మరొకరిని బహిరంగంగా అంత మాటన్న సందర్భాలు తక్కువ. మెథినీ కోపంలో న్యాయముంది. ఆ పని అనవసరం. కానీ టీవీ వేదిక మీద ఉద్యోగం పోయినా ఫర్వాలేదని పాట మార్చిన మనిషిని పిరికి సంగీతకారుడనడం మాత్రం కుదరదు.

ఇంతకూ 'స్మూత్ జాజ్' అన్న పేరు పెట్టింది సంగీతకారులు కాదు. 1987 ఫిబ్రవరి 14న లాస్ ఏంజెలెస్‌లో కేఎమ్ఈటీ అనే పేరున్న రాక్ స్టేషన్ మూతపడి 'ద వేవ్' అనే కొత్త స్టేషన్ మొదలైంది. తొలి రోజుల్లో దానికి వ్యాఖ్యాతలే లేరు. పాట తర్వాత పాట, అంతే. మరికొన్ని నగరాలూ అదే బాట పట్టాయి. ఈ సంగీతాన్ని ఏమని పిలవాలో తెలియక శ్రోతలను కూర్చోబెట్టి అడిగారు. బ్రాడ్‌కాస్ట్ ఆర్కిటెక్చర్ అనే సలహా సంస్థ జరిపిన అలాంటి ఓ సమావేశంలో ఎవరో శ్రోత అన్న మాటే 'స్మూత్ జాజ్'. రేడియో వాళ్లు పట్టుకున్నారు.

పేరుతో ఆగితే పోయేదే. శ్రోతల చేతికి ఒక మీట ఇచ్చి, పాటలోని కొన్ని సెకన్ల ముక్క వినిపించి, నచ్చితే ఇటు, నచ్చకపోతే అటు తిప్పమన్నారు. మీట కిందికి వాలిన చోటల్లా ఆ పాటకు సెలవు. దీర్ఘమైన సోలో వచ్చినా, లయ మారినా, శాక్సఫోన్ కాస్త గట్టిగా అరిచినా మీట వాలుతుంది. 'మిస్టర్ మ్యాజిక్' తొమ్మిది నిమిషాలు ఆ పరీక్షకు నిలిచే ప్రశ్నే లేదు. మిగిలినవి కొద్ది వందల పాటలు, వాటిలోనూ చాలా మటుకు జనానికి ముందే తెలిసిన గాత్రాలు. రికార్డు సంస్థలు ఆ పరీక్షకు సరిపడే పాటలే అడగసాగాయి. వాద్యకారులూ ఇచ్చారు. అద్దె, పిల్లల ఫీజులు వాళ్లకూ ఉంటాయి.

ఎదురు తిరిగినవారు లేకపోలేదు. డేవిడ్ శాన్‌బర్న్‌కు మూడో ఏట పోలియో సోకింది. ఊపిరి బలపడాలంటే గాలి ఊదే వాద్యం నేర్చుకోమన్నారు డాక్టర్లు. అలా శాక్సఫోన్ చేతికొచ్చింది. 14వ ఏటికే ఆల్బర్ట్ కింగ్ పక్కన బ్లూస్ వాయించారు. 1969లో వుడ్‌స్టాక్ వేదిక ఎక్కారు. డేవిడ్ బోవీ 'యంగ్ అమెరికన్స్'లో కేక పెట్టే శాక్సఫోన్ ఆయనదే. స్మూత్ జాజ్ స్టేషన్లు ఆయన పాటలను రోజూ వేశాయి. ఆయన మాత్రం ఆ ముద్రను చివరిదాకా ఒప్పుకోలేదు. 1988 నుంచి రెండేళ్లు నడిపిన 'నైట్ మ్యూజిక్' టీవీ కార్యక్రమానికి సన్ రాను, సోనీ రోలిన్స్‌ను పిలిచారు. మీట పరీక్షలో మొదటి సెకనుకే వాలిపోయే సంగీతం వారిది. 2024 మే 12న శాన్‌బర్న్ మరణించారు.

పరీక్షలతో పెరిగినదాన్ని మరో పరీక్ష పడగొట్టింది. అప్పటిదాకా అమెరికాలో శ్రోతలు ఏ స్టేషన్ విన్నదీ డైరీలో రాసేవారు. ఇష్టమైన స్టేషన్ పేరు కాస్త ఉదారంగానే రాసేవారు. 2007 నుంచి ఆర్బిట్రాన్ సంస్థ నడుముకు తగిలించుకునే చిన్న యంత్రాన్ని తెచ్చింది. చెవిన పడ్డదాన్ని అదే నమోదు చేస్తుంది. స్మూత్ జాజ్ అంకెలు పడిపోయాయి. న్యూయార్క్‌లో సీడీ 101.9 స్టేషన్ 2008 ఫిబ్రవరిలో రాక్‌కు మళ్లింది. గ్రోవర్ సొంత ఊరు ఫిలడెల్ఫియాలో డబ్ల్యూజేజేజెడ్ అదే ఏడాది మూగబోయింది. 2009 మే నెలలో షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో స్టేషన్ల వంతు వచ్చింది. వాద్యకారులకు మిగిలింది నౌకావిహారాల కచేరీలు, ఉత్సవాలు, పాత అభిమానులు.

ఈ పతనం చూడటానికి గ్రోవర్ లేరు. రేడియో ఆయనను పితామహుడిగా పూజిస్తున్న రోజుల్లోనే ఆయన దారి మార్చే ప్రయత్నాలు చేశారు. 1988లో 'దెన్ అండ్ నౌ' అనే అచ్చమైన జాజ్ ఆల్బం ఇచ్చారు. పియానో మీద టామీ ఫ్లానగన్, హెర్బీ హ్యాంకాక్. బాస్ మీద, 1971లో ఆ చెక్క కప్పు కింద తొలిసారి తన వెనుక వాయించిన రాన్ కార్టర్. స్టేషన్లకు అది పెద్దగా అక్కరకు రాలేదు. వాళ్లకు కావలసింది 'వైన్‌లైట్' గ్రోవరే.

1999 డిసెంబర్ 17న న్యూయార్క్‌లోని సీబీఎస్ టీవీ స్టూడియోలో శనివారం ఉదయం కార్యక్రమం కోసం ఆయన నాలుగు పాటలు వాయించారు. రికార్డింగ్ ముగిశాక విశ్రాంతి గదిలో కుప్పకూలారు. ఆస్పత్రికి తీసుకెళ్లినా ఫలితం దక్కలేదు. గుండెపోటు. 56 నిండి అయిదు రోజులు. అప్పటికే ఆయన మరో ఆల్బం పూర్తి చేసి ఉన్నారు. దాని పేరు 'ఆరియా'. ఇటలీ, ఫ్రాన్స్ ఒపేరాల్లో గాయనీగాయకులు పాడే భాగాలను శాక్సఫోన్ మీద పలికించిన రికార్డు. 2000లో సోనీ క్లాసికల్ సంస్థ దాన్ని విడుదల చేసింది.